అతిథి రైతునకు అండ యగునా?

రైతు దేశమునకు వెన్నెముక యను మాట మన సభావేదికలపై ఎన్ని వేల మారులు పలుకబడినదో లెక్కించుట అసాధ్యము. కాని ఆ వెన్నెముకకు నెల యొక్కింటికి దక్కు రాబడి యెంతయో లెక్కించుట సాధ్యమే. కేంద్ర ప్రభుత్వమువారి జాతీయ నమూనా సర్వే శాఖ 2019 లో జరిపిన విచారణ ననుసరించి, ఒక సేద్యపు కుటుంబమునకు నెలకు సగటున వచ్చిన ఆదాయము 10,218 రూపాయలు. అందు పంటవలన వచ్చినది 3,798 రూపాయలు మాత్రమే. కూలివలనను జీతమువలనను వచ్చినది 4,063 రూపాయలు. పశువులవలన వచ్చినది 1,582 రూపాయలు. పాఠకు లీ అంకెలను మరియొకమారు చదువుదురుగాక! రైతు తన పొలమున యజమానుడై గడించుదానికంటె పరుల పనిలో కూలివాడై గడించునదే హెచ్చు. అదే విచారణయందు ఆంధ్రప్రదేశములోని సేద్యపు కుటుంబములలో నూటికి 93 ఋణగ్రస్తములనియు, సగటు ఋణము 2,45,554 రూపాయలనియు, ఇది దేశములోని రాష్ట్రము లన్నిటిలోను అధికమనియు తేలినది. తెలంగాణమున ఋణగ్రస్తములు నూటికి 91కి మించినవి. సగటు ఋణము 1,52,113 రూపాయలు. ఇది యెవరో దూరదేశస్థుల కథ గాదు. మన అన్నపు గిన్నెలోని కథ.

కారణములు వెదకుటకు దూరము పోనక్కరలేదు. 2015-16 నాటి వ్యవసాయ గణనలో దేశమందలి సగటు కమతము 1.08 హెక్టారులు, ఆంధ్రప్రదేశమున 0.94, తెలంగాణమున 1.00. అనగా రెండున్నర యెకరములకు అటునిటు. తాతనాటి పదియెకరములు తండ్రినాటికి అయిదై, కొడుకునాటికి రెండై, మనుమనినాటికి గట్లే మిగులుచున్నవి. ఆ రెండెకరములపై విత్తనపు వ్యాపారి, ఎరువుల వ్యాపారి, పురుగుమందుల వ్యాపారి, వడ్డీ వ్యాపారి, తుదకు దళారి వరుసగా వచ్చి తమ భాగములు గొనిపోగా మిగిలినది రైతుది. కావున చిన్న రైతును నిలుపదలచినవారు రెండు పనులు చేయవలసియున్నది. ఒకటి, పొలమునుండి బయటికి పోవు డబ్బును తగ్గించుట. రెండు, పొలమునకు బయటినుండి వచ్చు డబ్బును పెంచుట. మొదటిదానికి ప్రకృతి సేద్యమనియు, రెండవదానికి వ్యవసాయ పర్యాటకమనియు నేడు పేర్లు పెట్టబడినవి. ఈ రెండును జోడెడ్లవలె నొక కాడికి కట్టబడగలవా, లేక ఒకటి పొలమును దున్నుచుండగా రెండవది పొలమును మేసిపోవునా యనునదే నేటి మా విచారణ.

ప్రకృతి సేద్యము విషయమున తెలుగుదేశము ఇతరులకు బుద్ధి గరపగల స్థితిలో నున్నదని చెప్పుటకు మేము సంకోచింపము. 2016 మొదలుకొని ఆంధ్రప్రదేశమున రైతు సాధికార సంస్థద్వారా, ముఖ్యముగా మహిళా స్వయంసహాయక సంఘముల యండతో, ఈ పద్ధతి గ్రామగ్రామమునకు వ్యాపించినది. 2024 లో పోర్చుగల్లు దేశపు గుల్బెంకియన్ సంస్థవారు తమ మానవతా పురస్కారమును ఈ యుద్యమమునకును, ఈజిప్టు దేశపు సెకెం సంస్థకును, భూసారశాస్త్రజ్ఞుడైన రతన్ లాల్ గారికిని కలిపి యిచ్చిరి. పద్ధతిలో మంత్రతంత్రము లేమియు లేవు. పది కిలోల ఆవుపేడ, పది లీటర్ల మూత్రము, రెండు కిలోల బెల్లము, రెండు కిలోల పప్పుపిండి, గట్టుమీది పిడికెడు మన్ను, రెండువందల లీటర్ల నీరు: ఇవి కలిపి నీడలో పులియబెట్టినచో ఒక యెకరమునకు చాలిన జీవామృతము సిద్ధమగును. నేల నెన్నడును నగ్నముగా నుంచక ఆకుతోను గడ్డితోను కప్పియుంచుట, ఒక పంటలో పది పంటలు కలిపి వేయుట, తొలకరికి ముందే నవధాన్యములు చల్లుట, ఇవియే తక్కిన యంగములు. ఇందు కొనవలసినది స్వల్పము, చేయవలసినది మెండు.

ఆ చివరి మాటయే ముఖ్యము. ప్రకృతి సేద్యము పెట్టుబడిని తగ్గించునుగాని చాకిరిని తగ్గింపదు. పశువు లేని యింటికి పేడ యెక్కడిది? కలుపు తీయుటకు చేతులెక్కడివి? తొలి సంవత్సరములలో దిగుబడి తగ్గినచో ఆ లోటు నెవరు పూరింతురు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పక, ఎరువుల బస్తాను ఒక్కనాట మాన్పించెదమనువారు 2021 లో సింహళద్వీపమున జరిగినదానిని జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక. ఆ యేటి వేసవిలో అచటి ప్రభుత్వము రసాయనిక యెరువుల దిగుమతిని ఒక్క యాజ్ఞతో నిషేధించెను. రైతులకు ప్రత్యామ్నాయము సిద్ధముగా లేదు. వరిపంట దెబ్బతినెను, తేయాకు తోటలు దెబ్బతినెను. నవంబరు నాటికే ప్రభుత్వము వెనుదిరుగవలసివచ్చెను. దోషము సేంద్రియ సేద్యమునది గాదు; తొందరపాటుది. నేల మారుటకు కాలము పట్టును. ఆ కాలములో రైతు పస్తుండరాదు. సరిగా ఈ సందుననే అతిథివలన గలుగు రాబడి యుపయోగపడవలెనని మా యభిప్రాయము.

పట్టణవాసి పల్లెకు అతిథిగా పోవుట మనకు క్రొత్తది గాదు. సంక్రాంతి వచ్చినచో భాగ్యనగరపు వీథులు వెలవెలబోవును; రైళ్లు, బస్సులు గోదావరి కృష్ణా తీరములకు కిక్కిరిసి నడచును. మూడునాళ్లు అరిసెలు తిని, గంగిరెద్దులను చూచి, చెరకుగడ విరిచి తిరిగివత్తుము. ఆ మూడునాళ్లలో మనము పల్లెకు ఇచ్చివచ్చున దేమి? బంధుత్వము గలవారు బంధువుల కేదో యిత్తురు. బంధువులు పల్లె విడిచిపోయినవారికి ఆ మార్గమును మూతపడినది. నగరమున పుట్టి పెరిగిన బిడ్డలకు వరిచేను చూపింపవలెనన్న తల్లిదండ్రులకు నేడు ఎవరి యింటి గడప త్రొక్కవలెనో తెలియదు. ఇటు చూడవలెనను కోరిక యున్నది. అటు చూపగల చేనున్నది. నడుమ దారి లేదు. ఆ దారియే వ్యవసాయ పర్యాటకము.

ఈ దారి నడచి చూపినవారు కలరు. ఇటలీ దేశమున రెండవ ప్రపంచయుద్ధానంతరము కొండప్రాంతపు కౌలుసేద్యము కూలిపోయి, రైతులు పట్టణములకు తరలిపోగా రాతియిండ్లు పాడుపడినవి. 1965 లో అచటి రైతులు అతిథిసత్కారమును సేద్యమునకు తోడుచేయుటకై యొక సంఘముగా నేర్పడిరి. 1985 లో 730వ సంఖ్యగల శాసనము పుట్టెను. ఆ శాసనపు ముఖ్యసూత్ర మేమనగా, అతిథుల నుంచుకొనువాడు రైతై యుండవలెను. సేద్యము ప్రధానముగను ఆతిథ్యము దానికి అనుబంధముగను ఉండవలెను. 2006 నాటి సవరించిన శాసనము ఈ ప్రాధాన్యమును పనిగంటలతో కొలువవలెననియు, పదిమందికి మించని యతిథులను ఉంచుకొను చిన్నవాని విషయమున సేద్యమే ప్రధానమని భావింపవలెననియు చెప్పినది. ఎంత యుచితమైన నియమము! మన పొరుగున మహారాష్ట్రమునందు సుమారు 2005 నుండి బారామతి ప్రాంతమున ఈ ప్రయత్నము సాగి, 2020 లో ఆ రాష్ట్ర ప్రభుత్వము వ్యవసాయ పర్యాటకమునకు ప్రత్యేక విధానమును ప్రకటించినది. కేరళములోని కుమరకమున 2008 లో మొదలైన పద్ధతి మరియొక విధమైనది. అచటి హోటళ్లు తమకు కావలసిన కూరగాయలను చుట్టుపట్ల మహిళాసంఘములనుండి కొనుట కంగీకరించెను. అతిథి హోటలులోనే దిగును, కాని అతడు తిను కూర మాత్రము పక్కచేనిది. ఇల్లు చూపలేని బీదరాలికి సయితము ఇందువలన అతిథి సొమ్ము చేరినది.

ఇక మన యరకులోయను చూతము. తూర్పుకనుమలలో వేల గిరిజన కుటుంబములు ఎకరము రెండెకరముల తోటలలో, వెండియోకు చెట్ల నీడలో కాఫీని, ఆ చెట్లకే ప్రాకించిన మిరియమును పండించుచున్నవి. 1956 నుండి పనిచేయుచున్న గిరిజన సహకార సంస్థయు, తరువాత వచ్చిన రైతు సహకార సంఘములును ఆ గింజకు విలువ తెచ్చినవి. 2017 లో అరకు కాఫీ పారిసు నగరమున అంగడి తెరచెను. 2019 లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను. 2017 లోనే విశాఖపట్టణమునుండి అరకునకు అద్దాల రైలుపెట్టె వేయబడెను. చేను, పేరు, దారి, మూడును సమకూడిన చోటది. ఇట్టిచోటనైనను రైతునకు ఆతిథ్యమువలన లాభము కలుగనిచో మరి యెక్కడ కలుగును?

ఊహకొక లెక్క వేయుదము. ఇది మాలెక్కయేగాని యే కార్యాలయపు లెక్కయు గాదు. చలికాలపు మూడుమాసములలో వారమునకు రెండురాత్రులు, ప్రతిరాత్రి యిద్దరు అతిథులు, తలకు వెయ్యిరూపాయల చొప్పున ఒక యింట దిగిరనుకొందము. ఇరువదినాలుగు రాత్రులకు 48,000 రూపాయలు. సరుకులకు, పక్కబట్టలకు, మరమ్మతులకు సగము తీసివేసినను 24,000 మిగులును. పైని చెప్పిన విచారణలో సగటు కుటుంబమునకు పంటవలన ఏడాదికి వచ్చినది 45,576 రూపాయలు. అనగా ఇరువదినాలుగు రాత్రుల యాతిథ్యము సంవత్సరపు పంటలో సగమునకు పైగా తెచ్చిపెట్టగలదు. ఇది కుటుంబమును ధనవంతమును జేయదు. కాని వడ్డీ వ్యాపారి గుమ్మము త్రొక్కకుండ జేయగలదు.

అయినను లెక్కకు రాని చిక్కులు కొన్ని కలవు. వాటిని దాచుట పాఠకులకు ద్రోహము. మొదటిది కాలము. మంచుతెరలు చూచుటకు జనులు అరకునకు వచ్చునది నవంబరు మొదలు జనవరి వరకు. కాఫీపండు ఎఱ్ఱబారి కోతకు వచ్చునదియు అప్పుడే. ఇంట చేతులు మిక్కిలి యవసరమైన దినములలోనే వాకిట అతిథి నిలుచును. అపుడు వంట యెవరు చేయవలెను? పక్కయెవరు పరవవలెను? తోటలో పండ్లుకోసి వచ్చిన యిల్లాలేకదా! ఆమె చాకిరిని రెట్టింపుచేసి, డబ్బును మగని చేతిలో పెట్టు ఆతిథ్యమును మేము ప్రగతి యనజాలము. ఆ రాబడి ఆమె పేర, ఆమె సంఘపు ఖాతాలో జమ కావలెను. రెండవది చేనిక్షేమము. 2025 లో అరకు ప్రాంతమున కాఫీకాయను తొలుచు పురుగు కనబడినది. కాయతోను గోనెతోను ప్రయాణముచేయు నట్టి పురుగు చేరిన ప్రాంతమున, వచ్చినవారందరును తోటలలో నిచ్చవచ్చినట్లు తిరిగి గుప్పెడు పండ్లు కోసి పక్కతోటకు మోసుకొనిపోవుట చెల్లదు. అతిథి కాలిబాట దాటరాదు. మూడవది మర్యాద. అలసివచ్చిన గిరిజన స్త్రీలను పిలిచి, పది నోట్లు చూపి, అర్ధరాత్రి ధింసా ఆడుమనుట ఆతిథ్యము గాదు. అది జమీందారీ దర్పము. ఆ నృత్యము వారి పండుగలది, వారి పెండ్లిండ్లది. వారు ఆడినపుడు చూచి యానందించుట మన భాగ్యము. ఆడించుట మన హక్కు గాదు.

అన్నిటికంటె పెద్ద యపాయము భూమిది. ఏజెన్సీ ప్రాంతములలో గిరిజనుని భూమి గిరిజనేతరునికి సంక్రమింపరాదని 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానిని దృఢపరచిన 1970 నాటి ఒకటవ నిబంధనయు శాసించుచున్నవి. 1997 లో సమతా కేసున సర్వోన్నత న్యాయస్థానము ప్రభుత్వమునకే యీ యడ్డు వర్తించునని తీర్పు చెప్పి, గిరిజనభూములను గనులకొరకు పరాయి కంపెనీల కిచ్చుటను కొట్టివేసెను. ఇంత గట్టి కంచెకు కన్నమువేయు ఉపాయము బినామీ. పట్టా గిరిజనునిది, పెట్టుబడి పరాయివానిది. పలకమీద పేరు గిరిజనునిది, పెట్టెలోని పైకము పరాయివానిది. భూమికి యజమానుడైనవాడు తన భూమిలోనే పింగాణీ పళ్లెములు కడుగు సేవకు డగును. మైదానమున నిందుకు వేరురూపము కలదు. పెద్ద నగరముల చుట్టును పచ్చని పొలములు కొని, ప్రహరీ కట్టి, ఈతకొలను త్రవ్వి, మూలన రెండావులను కట్టివేసి, దానికి 'వ్యవసాయ క్షేత్ర'మని పేరుపెట్టి వారాంతపు విందులకు అద్దెకిచ్చుచున్నారు. అందు వ్యవసాయమెక్కడ? రైతెక్కడ? ఆ పొలమును అమ్ముకొన్న రైతు బహుశః ఆ ప్రహరీకే కావలివాడై యుండును. ఇట్టి విలాసగృహములకు పర్యాటక ప్రోత్సాహకములు, పన్ను రాయితీలు లభించుట రైతు పేర రైతును దోచుట.

కౌలురైతు మాట యొకటి చెప్పక ముగింపరాదు. గోదావరి డెల్టాలో నాగలిపట్టు చేతులలో అధికభాగము కౌలుదారులవి. 2019 నాటి ఆంధ్రప్రదేశ పంటసాగుదారుల హక్కుల చట్టము పదునొకండు మాసముల ఒప్పందమునకు త్రోవచూపినదికాని, దానికి భూయజమానుని సమ్మతి కావలెను. ఏడాది గడచిన పిమ్మట ఈ చేను తనదగునో కాదో యెఱుగనివాడు అతిథికై గది యెట్లు కట్టును? నేలను బాగుచేయుటకు మూడేండ్లు పట్టు ప్రకృతి సేద్యము నెట్లు చేపట్టును? అతడు బాగుచేసిన నేలకు మరుసటియేట కౌలు పెరుగును. కావున వ్యవసాయ పర్యాటకమును కేవలము పట్టాదారుని వ్యవహారముగా జేసినచో, ఉన్నవానికే మరికొంత చేర్చినవార మగుదుము. ఇల్లు చూపలేనివానికి కుమరకపు త్రోవయే శరణ్యము: కూర అమ్మును, బియ్యము అమ్మును, బండి తోలును, దారి చూపును. ఆ పనులు వానికి కేటాయింపబడవలెను.

జహీరాబాదు సమీపమున పస్తాపురము కేంద్రముగా 1983 నుండి పనిచేయుచున్న దక్కను అభివృద్ధి సంస్థ స్త్రీలు ఈ విషయమున మనకు మంచి పాఠము చెప్పినారు. వారిలో హెచ్చుమంది దళితులు, చిన్నకమతములవారు. బీడుపడిన నేలలలో జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి పండించి, విత్తనములను తమ యిండ్లలోనే మట్టికుండలలో దాచిరి. ఏటేట సంక్రాంతి దినములలో ఎడ్లబండ్లపై ఆ విత్తనములను అలంకరించి ఊరూర తిప్పు పాతపంటల జాతర చూచుటకు దూరదేశములనుండి పండితులును వత్తురు. 2019 లో ఐక్యరాజ్యసమితి యభివృద్ధి సంస్థవారి ఈక్వేటరు బహుమానము వారిని వరించినది. గమనింపదగిన దేమనగా, ఆ స్త్రీలు అతిథికొరకు జాతర చేయలేదు. జాతర చేసిరి, అతిథి వచ్చెను. సేద్యము తనకై తాను నిలిచినచోటనే చూడదగిన దగును. అతిథికొరకు కట్టిన బొమ్మల పల్లె మూడవయేట వెలిసిపోవును.

కాగా మేము రెండు తెలుగు ప్రభుత్వములను కోరున దిది. వ్యవసాయ పర్యాటకమను పేరు రైతు స్వయముగా సేద్యముచేయు చోటికే చెల్లునట్లు చట్టమున స్పష్టమగు నిర్వచనము చేయవలెను. అతిథికి పెట్టు భోజనములో అధికభాగము ఆ చేనిదో, ఆ యూరిదో కావలెను. పదిమంది యతిథులకు లోబడిన చిన్న యిండ్లకు అనుమతి గ్రామమునందే, ఒక్క కాగితముతో, లంచములేక లభింపవలెను. మరుగుదొడ్డికిని మంచినీటికిని తక్కువ వడ్డీకి ఋణము మహిళాసంఘముల ద్వారా ఈయవలెను. ఏజెన్సీలో ప్రతి విడిదియొక్క నిజమైన యజమానుని గ్రామసభ యేటేట విచారింపవలెను. ఇవి గొంతెమ్మకోరికలు కావు. ఒక్క యీతకొలనుకగు ఖర్చుతో పది యిండ్లకు మరుగుదొడ్లు కట్టవచ్చును.

ప్రభుత్వములను నిందించి చేతులు దులుపుకొనుట మాత్రము పత్రికలకును పాఠకులకును తగదు. ఈ పత్రికను పఠనమందిరపు బల్లపై తెరచి చదువుచున్న పట్టణసోదరులారా! ఈ కార్యమున సగము మీ చేతిలో నున్నది. పల్లెకు పోవునపుడు బజారు సరుకు మూటగట్టుకొని పోకుడు. అచట పండినదే తినుడు. బేరమాడుటకు ముందు ఆ బియ్యము వెనుకనున్న ఆరునెలలను తలచుడు. తిరిగివచ్చునపుడు ఆ యింటివారి చిరునామా తెచ్చుకొని, ఏడాదిపొడుగున వారివద్దనే పప్పు, బెల్లము, పసుపు తెప్పించుకొనుడు. ఒక్క రాత్రి విడిదికంటె పండ్రెండు మాసముల కొనుగోలు రైతునకు పెద్దయండ. మరియొక మాట: పల్లెలో విడిది చూచుకొనునపుడు ఇంటివారి కులము నడుగకుడు. దళితుని యింట, గిరిజనుని యింట కూర్చుండి భుజింపలేనివానికి పల్లెకు అతిథి యగు నర్హత లేదు. అస్పృశ్యతను కారులో వెంటబెట్టుకొనిపోయి గాలిమార్పు కోరువాడు ఏ గాలికిని మారడు.

గ్రంథాలయములును ఈ పనికి పూనుకొనవచ్చును. ఒక పఠనమందిరము ఒక గ్రామమును ఎన్నుకొని, సంవత్సరమునకు రెండుమారులు, నాట్లకొకమారు, కోతలకొకమారు, ఇరువదిమంది సభ్యులను, వారి పిల్లలను తీసికొనిపోవచ్చును. అచట ఎవరింట ఎందరు దిగవలెనో ఆ యూరి మహిళాసంఘమే నిర్ణయించునుగాక. ఇందుకు జీవో అక్కరలేదు, మంత్రిగారి ప్రారంభోత్సవ మక్కరలేదు. ఒక కార్యదర్శి, ఒక పుస్తకము, కొంత పట్టుదల చాలును.

అతిథి దేవుడని మనవా రనిరి. నిజమే; కాని దేవుడై పోయి నైవేద్యము తిని వచ్చుట కాదు నేటి కర్తవ్యము. రైతు గడపలో మనుష్యుడై కూర్చుండి, తిన్న యన్నమునకు తగిన వెల చెల్లించి, ఆ వెల ఆ పొలమును ఆ కుటుంబముచేతిలోనే నిలుపునట్లు చూచుట కర్తవ్యము. అట్టి యతిథి రైతునకు అండ యగును. తక్కిన వాడెంత సొమ్ము వెదజల్లినను పొలముమీద వ్రాలిన మిడుతయే.